ఊపిరి వదలడం రాని మేడం

మొదటిసారి నాకు ఊపిరి ఆగింది ఉదయం ఏడున్నర బ్యాచ్‌లో, బోర్డు మీద సగం వాక్యం రాసి ఉండగా. అమీర్‌పేటలో జావా కోచింగ్ చెప్పే మేడాన్ని నేను. మూడో అంతస్తులో మా హాలు. కిటికీ తెరిస్తే మెట్రో రొద, మూస్తే ఉక్క. ఆ రోజు "దీని అర్థం ఏంటంటే" అన్నాను, అంతే, ఆ తర్వాత మాట రాలేదు. మర్చిపోయి కాదు. మాట నాలుక చివరే ఉంది, దాన్ని బయటికి తోసే గాలి లేదు. నోరు తెరిచి గాలి లాగాను. దిగలేదు. ఇంకా గట్టిగా లాగాను. గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. వేళ్ల చివర చీమలు పాకాయి, మార్కర్ జారి కింద పడింది. ఎదురుగా తొంభై మంది తలలు వంచుకుని రాసుకుంటున్నారు. ఒక్కరు కూడా తల ఎత్తి చూడలేదు.

చచ్చిపోతున్నాననుకున్నాను. ఊరికే అనడం లేదు, నిజంగానే అనుకున్నాను. ఇంకా సిగ్గుచేటేమిటంటే, ఆ క్షణంలో నాకు మొగుడూ గుర్తు రాలేదు, దేవుడూ గుర్తు రాలేదు. "అయ్యో, ఈ చాప్టర్ ఇవాళే అయిపోవాలే" అని గుర్తొచ్చింది. ఐదు నిమిషాలు బ్రేక్ అని చేత్తో సైగ చేసి, గోడ పట్టుకుని బాత్‌రూమ్ దాకా వెళ్లాను. తలుపు గడియ పెట్టి, నా రొప్పు ఎవరికీ వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పేసి, బకెట్ మీద వంగి నిలబడ్డాను. బకెట్ నిండి పొర్లిపోయాక కాస్త గాలి ఆడింది. మొహం కడుక్కుని వెళ్లి, పోయిన ఐదు నిమిషాలూ కలిసొచ్చేలా ఇంకా స్పీడుగా చెప్పాను.

నా స్పీడు గురించి చెప్పాలి, ఎందుకంటే నాకున్న పొగరంతా దాని మీదే. గుంటూరు వైపు నుంచి డిగ్రీ పట్టుకుని ఈ అమీర్‌పేట హాస్టల్‌కి నేర్చుకోవడానికి వచ్చినదాన్ని, నేర్పడానికి ఉండిపోయాను. పదిహేడేళ్లు. పక్క బిల్డింగుల్లో రెండు నెలలు సాగదీసే కోర్సుని నేను ముప్పై రోజుల్లో ముగిస్తాను. ఒక బోర్డు నింపి, తుడిచి, రెండోది నింపి, మళ్లీ మొదటిది. పిల్లలు నాకు ఎక్స్‌ప్రెస్ మేడం అని పేరు పెట్టారు. కింద గోడ మీద పాంప్లెట్లలో కూడా ఆ మాటే వేశారు. నడుస్తూ దాన్ని చూసినప్పుడల్లా లోపల పొంగిపోయేదాన్ని, పైకి మాత్రం "ఏంటండీ ఈ పిచ్చి రాతలు" అనేదాన్ని.

అంతకంటే పెద్ద పొగరు ఇంకోటి ఉంది. మా దగ్గర ఒక పద్ధతి. ఒకసారి కోర్సులో చేరితే ఆ తర్వాత ఎన్ని బ్యాచ్‌లలో కావాలంటే అన్నింటిలో వచ్చి కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అలా మళ్లీ వచ్చి కూర్చునేవాళ్లని రిపీటర్లంటాం. మిగతా ఫ్యాకల్టీ దగ్గర ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు. నా బ్యాచ్‌లో ఎప్పుడూ పదిమందికి తక్కువ కాకుండా రిపీటర్లు. స్టాఫ్ రూములో నేను నవ్వుతూ అనేదాన్ని, "ఏం చేయమంటారు, ఒకసారి వింటే తనివి తీరట్లేదంట." రెండో వరసలో స్తంభం పక్కన ఒక అమ్మాయి కూర్చునేది, నల్గొండ వైపు పిల్ల, ఎప్పుడూ రెండు పెన్నులు చేతిలో. ఆ పిల్ల రెండోసారి కూడా నా బ్యాచ్‌లోనే కనపడేసరికి, సొంత కూతురికి ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరపడ్డాను.

అదీ సంగతి. ఆ ఏడున్నర బ్యాచ్ ఒక్కటే ఈ ఊళ్లో నాకంటూ ఉన్న గొప్ప. దాని ముందు నిలబడి మాట్లాడలేకపోతే నేనెవరో నాకే తెలియదు.

రెండోసారి షేర్ ఆటోలో వచ్చింది. మూడోసారి పంజాగుట్ట సిగ్నల్ దగ్గర. ఆ తర్వాత లెక్క పోయింది. క్లాసులో రోజుకి ఒకసారైనా గొంతు దగ్గర ఆ తలుపు మూసుకునేది. ఎప్పుడు మూసుకుంటుందో తెలియక, ముందే భయపడి, ఆ భయానికే మూసుకునేది. బాత్‌రూమ్ కుళాయికి నేను బాకీ పడినట్టు అయింది. మా ఆయన బేగంపేటలో ఆఫీసుకి వెళ్తారు, పాపం నెమ్మదస్తుడు. మొదట్లో వీపు రాసేవారు. తర్వాత తర్వాత, నేను సోఫాలో ముందుకి వంగి కూర్చోగానే పేపర్ దించి, "ఏంటి, మళ్లీనా?" అనేవారు. ఆ "మళ్లీనా" అన్న మాటకి నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన తప్పేం లేదు. మనిషి ఎన్నిసార్లని కంగారు పడతాడు?

పంజాగుట్టలో ఒక హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. గుండె పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు, గొట్టంలోకి ఊదమన్నారు, రక్తం తీశారు. అన్నీ నార్మల్. డాక్టరుగారు రిపోర్టులు ఒకదాని మీద ఒకటి పేర్చి, "మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏదో ఒకటి ఉందని చెబితే బాగుండును అనిపించింది. పేరున్న రోగమైతే మందు ఉంటుంది, సెలవు ఉంటుంది, చుట్టాలు పళ్లు పట్టుకుని వస్తారు. నార్మల్ అని రాసిచ్చిన కాయితంతో నేనేం చేసుకోవాలి? అదే అడిగాను, కాస్త గట్టిగానే. ఆయన నొచ్చుకోలేదు. చీటీ మీద ఏదో రాసి కింద అంతస్తులో ఫిజియోథెరపీకి పంపించారు.

అక్కడ ఒకావిడ ఉంది. యాభై ఏళ్లుంటాయి, తెల్ల కోటు కింద నేత చీర, తలకి కొబ్బరినూనె. నన్ను బల్ల మీద పడుకోమని, ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోమంది.

"ఇప్పుడు మీరు ఎప్పుడు తీస్కున్నట్టే ఊపిరి తీస్కోండ్రి. ఏ చెయ్యి లేస్తున్నదో చూడుండ్రి."

పై చెయ్యి లేచింది. కింది చెయ్యి రాయిలా పడి ఉంది. ఆవిడ కాసేపు చూసి, "మేడం, ఏం పని చేస్తరు మీరు?" అంది. చెప్పాను. చెబుతుంటే నా నోటి వంకే చూస్తోంది.

"మీరు మాట మాటకి గాలి గుంజుతున్నరు. ఇడుస్తలేరు. లోపల పాత గాలి ఉండంగనే కొత్త గాలి కుక్కుతున్నరు. ఇంక యాడికెల్లి పడతది?"

నా పదిహేడేళ్ల సర్వీసులో నాకెవరూ అంత తేలికగా ఒక విషయం అర్థమయ్యేలా చెప్పలేదు. వెంటనే లేచి కూర్చుని, బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి, "మొత్తం ఎన్ని ఎక్సర్‌సైజులండీ? మెటీరియల్ ఏమన్నా ఇస్తారా? పీడీఎఫ్ అయినా ఫరవాలేదు" అన్నాను.

ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. "ఆరు వారాలు పడతది. వారానికొకటి చెప్త" అంది.

ఆరు వారాలు! నా దగ్గర ఆరు వారాలుంటే ఒక కోర్సు పూర్తి చేసి ఇంకో కోర్సులో సగంలో ఉంటాను. నా మొహం చూసి కరిగిందో, విసుగొచ్చిందో, ఆరు వారాల్లో ఏమేం ఉంటాయో పైపైన చెప్పింది. పడుకుని పొట్టతో ఊపిరి. కూర్చుని. నిలబడి. నడుస్తూ. మాట్లాడుతూ. చివర్లో కాలి వేళ్ల నుంచి తల దాకా ఒక్కో భాగాన్నీ ఊరికే గమనించడం. నేను టకటకా రాసేసుకున్నాను.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, దాన్ని క్రాష్ కోర్సు చేసేశాను. మా అమీర్‌పేట వాళ్లం తప్ప ఇంకెవరూ చేయరేమో అలాంటి పని. ఆరు వారాలని ఐదు రోజులకి కుదించి, నోట్‌బుక్‌లో గీతలు కొట్టుకుని, డే వన్, డే టూ అని టైమ్‌టేబుల్ వేసుకున్నాను. ఒక్కో ఊపిరికి ఆవిడ మెల్లగా పెట్టమన్న ఒకటి, రెండు, మూడు లెక్కని గబగబా లెక్కపెట్టేస్తే అదే టైములో రెండింతలు అవుతాయి కదా అని తెలివి. కాలి వేళ్ల నుంచి తల దాకా గమనించడాన్ని మూడు నిమిషాల్లో ముగించేదాన్ని. మోకాలు ఉందా, ఉంది, టిక్కు. నడుము ఉందా, ఉంది, టిక్కు. మా ఆయన వంటింటి గుమ్మంలోంచి చూసి, "ఏంటది, అటెండెన్స్ తీసుకుంటున్నావా?" అన్నారు. కసురుకున్నాను.

ఐదో రోజు పొద్దున్నే, "నడుస్తూ" అన్న చాప్టర్ పూర్తి చేద్దామని మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ మొదలుపెట్టాను. లైను మారే జనం నా రెండు పక్కలా పరుగెడుతున్నారు. నేను మెట్టుకొక ఊపిరి చొప్పున బుస్సుబుస్సుమని లాగుతూ ఎక్కుతున్నాను. సగం మెట్ల దగ్గర కళ్ల ముందు చుక్కలు వచ్చాయి. మూతి చుట్టూ తిమ్మిరి. చేతి వేళ్లు కొంకర్లు పోయి వాటంతటవే ముడుచుకున్నాయి. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఎవరో బుర్ఖా వేసుకున్న పెద్దావిడ తన నీళ్ల సీసా మూత తీసి, "జర ఆరామ్ సే, అమ్మా. ఎక్కడికి పోవాలె, బండి మళ్లా వస్తది" అంది. ఆవిడ కూడా నా పక్కనే మెట్టు మీద కూర్చుంది, వెళ్లలేదు. నాకు ఏడుపు ఆగలేదు. నలభై రెండేళ్ల మనిషిని, నడిమెట్ల మీద, జనం కాళ్ల మధ్య, మొహం దాచుకోకుండా ఏడ్చాను. ఊపిరి తీసుకోవడం కూడా రాని దద్దమ్మనా నేను? పురిటి బిడ్డకి వచ్చిన విద్య కదా అది.

ఆ రోజు క్లాసుకి వెళ్లలేకపోయాను. పదిహేడేళ్లలో మొదటిసారి. మర్నాడు మా ఇన్‌స్టిట్యూట్ నడిపే సార్ తన గదిలోకి పిలిచారు. మంచివారే, కానీ హాల్లో సీటు ఖాళీగా కనపడితే ఆయనకి అన్నం సహించదు.

"మేడం, తబియత్ బాగలేకపోతే రెస్టు తీస్కోండ్రి, ఫికర్ లేదు. మూడేండ్ల కింద మీ క్లాసులు రికార్డు చేసినం కదా, అవే ప్లే చేస్తం. సోమవారం కొత్త బ్యాచ్ డెమో ఉంది. మీరు చెప్పగలిగితే చెప్పుండ్రి. మధ్యల గిట్ల ఆగిపోతే మాత్రం ఏడున్నర స్లాట్ వీడియోకి ఇచ్చేస్త. ఏమనుకోకుండ్రి."

డెమో అంటే మా దగ్గర పెళ్లిచూపులు. కొత్త బ్యాచ్ మొదటి క్లాసు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నచ్చితే చేరతారు, నచ్చకపోతే పక్క బిల్డింగుకి పోతారు. గంట సేపు కళ్లు తిప్పుకోనివ్వకుండా చెప్పాలి. అలాంటి డెమోలు కొన్ని వందలు చెప్పి ఉంటాను. ఇప్పుడు నాకు పోటీ ఇంకో ఫ్యాకల్టీ కూడా కాదు, నేనే. మూడేళ్ల కిందటి నేను. ఒక్కసారి కూడా ఆగకుండా, నీళ్లు తాగకుండా, ముప్పై రోజులు ఏకబిగిన మాట్లాడేసిన ఆ మనిషితో నేనెక్కడ తూగుతాను?

పరుగున పంజాగుట్ట వెళ్లాను. ఫిజియో ఆవిడకి మెట్ల సంగతీ, సోమవారం సంగతీ అన్నీ చెప్పాను. "నాలుగు రోజులే ఉంది. ఏదో ఒకటి చేయండి, మీకు దణ్ణం పెడతాను" అని నిజంగానే చేతులు జోడించాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా నోట్‌బుక్ తీసుకుని, టైమ్‌టేబుల్ చూసి, మూసి తన సొరుగులో పెట్టేసుకుంది.

"ఇది సిలబస్ కాదు మేడం. నాలుగు రోజులల్ల నేను ఏం చేస్త? ఒక్కటే చెప్త, అదొక్కటే చెయ్యుండ్రి. గాలి తీస్కునుడు బంద్ పెట్టుండ్రి."

"చచ్చిపోనా?"

"చావరు. ఇడిచిపెట్టుడే మీ పని. వేడి చాయ మీద ఊదినట్టు, మెల్లగ, లోపల ఏం లేదు అనేదాక ఇడవాలె. తీస్కునుడు దానంతట అదే అయితది. మీరు దాని జోలికి పోకుండ్రి. ఇంకోటి, గట్ల ఇడిచేటప్పుడు కాళ్లు యాడున్నయో చూస్కోండ్రి."

"కాళ్లా? కాళ్లెక్కడికి పోతాయండీ?"

"చెప్పులల్ల మీ వేళ్లు చూడుండ్రి ఇప్పుడు."

చూసుకున్నాను. పది వేళ్లూ ముడుచుకుని, చెప్పు అట్టని గోళ్లతో పట్టుకుని ఉన్నాయి, వదిలేస్తే నేలే జారిపోతుందన్నట్టు. కుర్చీలో కూర్చుని ఉన్నాను నేను. ఎక్కడికీ పడిపోను. అయినా పట్టుకునే ఉన్నాయి. విప్పమంటే విప్పాను, మాట్లాడుతూ మాట్లాడుతూ మళ్లీ చూసుకుంటే మళ్లీ ముడుచుకునే ఉన్నాయి. ఎన్నేళ్ల నుంచీ ఇలా నిలబడుతున్నానో?

"మా అమ్మ బల్కంపేటల ఎల్లమ్మకి బోనం ఎత్తుకుంటది," అందావిడ, నన్ను తలుపు దాకా సాగనంపుతూ. "నెత్తిన కుండ, దాని మీద దీపం. కింద అంత మంది జనం. ఉరుకుతదా మరి? ఒక్కొక్క అడుగు నేలకి ఆనినాకనే ఇంకోటి లేపుతది. గంతే."

ఆ నాలుగు రోజులూ నేనేదో మారిపోయానని చెబితే అబద్ధం. నరకం చూశాను. ఊరికే కూర్చుని ఊపిరి వదులుతుంటే ఇన్నాళ్లూ వినపడనివన్నీ వినపడ్డాయి. గుండె చప్పుడు చెవిలో. పళ్లు నూరుకునే చప్పుడు. బోర్డు మీద రాసి రాసి కుడి భుజం చెవి దాకా లేచి అక్కడే బిగుసుకుపోయి ఉంది, దాని నొప్పి ఇప్పుడు తెలిసింది. ఒళ్లంతా ఏదో ఒకటి పట్టుకునే ఉంది. పొట్ట లోపలికి పీల్చి పట్టుకున్నాను, దవడ పట్టుకున్నాను, మెడ పట్టుకున్నాను. ఒక్కోదాన్నీ వదలబోతే భయం వేసేది. అన్నీ వదిలేస్తే మిగిలేది ఏంటి? మా ఆయన్ని పక్కన కూర్చోమన్నాను. ఆయన "మళ్లీనా" అనలేదు. పక్కన కూర్చుని, నాతో పాటు ఉఫ్‌మని ఊదారు, చాలాసేపు. మూడో రోజు సాయంత్రానికి వరసగా నాలుగు ఊపిర్లు తిన్నగా వచ్చాయి. నాలుగంటే నాలుగే.

సోమవారం పొద్దున్న హాలు కిటకిటలాడింది. కుర్చీలు చాలక గోడ వెంబడి నిలబడ్డారు. వెనక తలుపు దగ్గర సార్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. రెండో వరసలో స్తంభం పక్కన ఆ నల్గొండ అమ్మాయి మూడోసారి వచ్చి కూర్చుంది, చేతిలో రెండు పెన్నులు. ఆ పిల్లని చూడగానే కాస్త ధైర్యం వచ్చింది. అమ్మయ్య, నా మనిషొకతి ఉంది అనుకున్నాను.

మొదలుపెట్టాను. మెల్లగా చెబుదామని గట్టిగా అనుకునే వచ్చాను, కానీ ఆ జనాన్ని చూడగానే పాత పూనకం వచ్చేసింది. ఒక బోర్డు నిండింది, తుడిచాను, రెండోది నిండింది. పదిహేను నిమిషాలు వెనకటి నేనే. సార్ మొహం వికసించింది. సరిగ్గా అప్పుడు గొంతు దగ్గర తలుపు పడింది.

చెమట పట్టేసింది. బాత్‌రూమ్ వైపు అడుగు పడబోయింది. వెళ్తే ఇంక తిరిగి ఈ బోర్డు ముందుకి రానని తెలుసు. నా ముందు నూట పాతిక మంది, తలలు వంచుకుని రాసుకుంటున్నారు. మార్కర్ బల్ల మీద పెట్టాను. చెప్పులు విడిచాను, వాటిలో ఉంటే వేళ్లు విప్పడం నా వల్ల కాదని. నేల చల్లగా తగిలింది. మూతి ముందుకి పెట్టి, వేడి టీ మీద ఊదినట్టు, ఉన్న కాస్త గాలినీ వదలడం మొదలుపెట్టాను. గాలి కోసం ఒళ్లంతా అరుస్తుంటే ఉన్నది కూడా వదిలేయడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. పోతే పోయాను అనుకుని వదిలాను. అడుగంటింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత దానంతట అదే, నా ప్రమేయం లేకుండా, పొట్ట లేచింది.

రెండోసారి వదిలాను. హాల్లో నిశ్శబ్దం. నిశ్శబ్దం కూడా కాదు, పెన్నుల చప్పుడు. వంద పెన్నులు గరగరా గీకుతున్నాయి. పదిహేడేళ్లు ఈ హాల్లో ఉన్నాను, ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు. మూడోసారి వదిలేసరికి గీకుడు ఒక్కొక్కటే ఆగింది, ఒక్కొక్క తలే లేచింది. అందరూ నన్ను చూస్తున్నారు. గోడ వెంబడి నిలబడ్డవాళ్లలో కొందరు బ్యాగులు భుజాన వేసుకుని జారుకున్నారు. వెనక సార్ నుదురు రుద్దుకుంటున్నారు. నా పరువు మొత్తం నేల మీద, నా వట్టి కాళ్ల దగ్గర పడి ఉంది.

స్తంభం పక్క నుంచి చెయ్యి లేచింది.

"మేడం, ఇంక రోజు గిట్లనే ఆగుతరా?"

వెక్కిరిస్తోందనుకున్నాను. "ఎందుకమ్మా?" అన్నాను.

"ఆగితే మంచిగుంటది మేడం. ఇది నాకు మూడోసారి. నేను ఒక బోర్డు రాసుకునేసరికి మీరు ఇంకోటి తుడిచేస్తరు. ఈ ముక్క ఇయ్యాల్నే పూర్తిగ రాసుకున్న."

"మరి రెండుసార్లూ నాతో ఎందుకు చెప్పలేదు?"

ఆ పిల్ల పక్కనున్నవాళ్ల వైపు చూసింది. "అందరు రాస్తున్నరు కద మేడం. అర్థమైతలేదంటే నాకే తెల్వి లేదనుకుంటరని. హాస్టల్ల మీ వీడియోలు సుత స్లో పెట్టుకుని చూస్తం. స్లో పెడితే మీ గొంతు తాగినోళ్ల లెక్క వస్తది, మస్తు నవ్వుకుంటం."

హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాననుకుంటాను, మొహం కండరాలు కదిలాయి. ఆ నవ్వులో నా కళ్లు రిపీటర్లని ఒక్కొక్కళ్లనీ వెతుక్కుంటూ వెళ్లాయి. మూడో వరసలో ఇద్దరు, కిటికీ దగ్గర ఒకడు, వెనక నలుగురు. "మీక్కూడానా?" అని అడిగాను. ఒక్కొక్కరే తల వంచుకున్నారు.

తనివి తీరక వస్తున్నారని స్టాఫ్ రూములో నవ్వుతూ చెప్పినదాన్ని నేను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పి ఉంటాను? ఎంతమంది ఇలా రెండోసారి, మూడోసారి వచ్చి, తెలివి తమకే లేదనుకుని, సర్దుకుని ఊళ్లకి వెళ్లిపోయి ఉంటారు? గాలి నాకొక్కదానికే ఆడట్లేదనుకున్నాను. ఆ హాల్లో ఎవరికీ ఆడనివ్వలేదు నేను.

గంటలో మిగిలిన సేపంతా ఆగి ఆగి చెప్పాను. అనుకున్నదాంట్లో మూడో వంతు కూడా అవలేదు. సాయంత్రానికి చేరినవాళ్లు పద్దెనిమిది మంది. సార్ కోప్పడలేదు, అదే బాధ. "డెమోల ఎవరన్న ఆగుతరా మేడం?" అని మాత్రం అన్నారు. ఏడున్నర స్లాట్ వీడియోకి ఇచ్చేశారు. నన్ను ఇంటికి పొమ్మనలేదు. ఏదైనా క్లాసు ఇవ్వండి అని అడిగాను. రిపీటర్లని ఇవ్వండి, మధ్యాహ్నం అయినా సరే, వెనక చిన్న గది అయినా సరే. ఆయన నా వైపు జాలిగా చూసి, "వాళ్లతోని ఏమొస్తది మేడం" అని, తాళం చెవి ఇచ్చారు.

ఇప్పుడు చెప్పేది ఆ రిపీటర్ల క్లాసు మొదటి రోజు సంగతి. చిన్న గది, ఎనిమిది మంది. మధ్య గోడ పల్చటి ప్లైవుడ్. అవతల హాల్లో పొద్దున రానివాళ్ల కోసం వీడియో మళ్లీ వేశారు. గోడలోంచి నా గొంతు వస్తోంది, తెరిపి లేకుండా, కొట్టుకుపోతున్నట్టు. నా గొంతుని నేను బయట నిలబడి వినడం అదే మొదలు. మాటలు సరిగ్గా తెలియడం లేదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య హుక్కుమని గాలి గుంజుతున్న చప్పుడు మాత్రం తెలుస్తోంది. హుక్కు, హుక్కు, హుక్కు. మూడేళ్ల కిందటే మునిగిపోతోంది ఆ మనిషి. ఎవరూ చూడలేదు, నేను కూడా. గోడ కొట్టి ఆగవే అని అరవాలనిపించింది.

చెప్పులు విడిచి తలుపు పక్కన పెట్టాను. గొంతు దగ్గర తలుపు ఇవాళ కూడా మూసుకుంటుందేమో, ఆ భయం పోలేదు, ఇప్పటికీ పోలేదు.

"మీకు ఎక్కడి నుంచి అర్థం కాలేదు?" అని అడిగాను.

నల్గొండ అమ్మాయి మిగతావాళ్ల వైపు చూసి, వాళ్ల తరఫున కూడా చెప్పింది. "మొదటి రోజు కెల్లి మేడం."

సరేనని బోర్డు వైపు తిరిగి మొదటి రోజు మొదటి మాట రాశాను. దాని కింద రెండోది రాయబోతుంటే వెనక నుంచి వినపడింది. "మేడం, జర ఆగుండ్రి. ఇంక రాస్తున్న."

మార్కర్ దించి, ఊపిరి వదిలి, ఆ పిల్ల రాసుకునేదాకా నిలబడ్డాను.